విహారనౌకలో కొన్న వస్తువులు విమానములో ఇల్లు చేరుట

దూరదేశయాత్ర చేయువారికి రెండు మూటలుండును. పోవునపుడు ఇంటినుండి కట్టుకొనిపోవునది యొకటి. వచ్చునపుడు బంధుమిత్రులకొఱకు కొనితెచ్చునది మఱియొకటి. మొదటి మూటను ఎట్లు కట్టవలెనో ఇంటిలోని పెద్దలు చెప్పుదురు. రెండవదానిని గుఱించి చెప్పువారు తక్కువ. వస్తువును కొనుట సులభము. దానిని క్షేమముగా ఇల్లు చేర్చుట వేఱొక విద్య. ఇల్లు అలుకగానే పండుగ కాదను మన సామెత ఈ విషయమునకు చక్కగా సరిపోవును.

విహారనౌక యనగా, కొన్ని దినములు సముద్రముమీద త్రిప్పి, నడుమ రెండుమూడు రేవులను చూపి, తఱచుగా బయలుదేరిన రేవునకే తిరిగి తెచ్చి దింపు పెద్ద ఓడ. దీనినే వాడుకలో క్రూజు అందురు. ఈ మాట మనవారికి నేడు క్రొత్తది కాదు. 2023వ సంవత్సరమున మన విశాఖపట్టణపు రేవునందే విహారనౌకల ప్రయాణికులకై ప్రత్యేకముగా ఒక శాల తెఱవబడినది. అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న తెలుగువారు, తమ్ము చూడవచ్చిన తల్లిదండ్రులను ఫ్లోరిడా, టెక్సాసు రేవులనుండి కరిబియను సముద్రయాత్రకు గొనిపోవుటయు కలదు. అట్లు వెళ్లినవారు ఓడ దిగి, విమానమెక్కి, కొడుకు ఇంటికో, అచ్చటినుండి హైదరాబాదునకో రావలెను. కొన్న వస్తువులును వారితోడనే రావలెను. కావున ఆ వస్తువుల ప్రయాణమును గుఱించి కొంత తెలిసికొనుట మన పాఠశాలలోని పిల్లలకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగకరమని తలంచి ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

ఉదాహరణమునకై ఒక మార్గమును తీసికొందము. ఓడ ఫ్లోరిడాలోని మయామి రేవున బయలుదేరి, మెక్సికో దేశపు కొజుమెల్ దీవిని, పిమ్మట గ్రాండ్ కేమన్ దీవిని, జమైకాను చూపి మరల మయామి చేరుననుకొందము. కొజుమెల్‌లో వెండి నగలును, వనిల్లా సారపు సీసాలును అమ్ముదురు. గ్రాండ్ కేమన్‌లో గడియారములును, అత్తరులును దొరకును. జమైకాలో నీలగిరి యని అర్థమిచ్చు బ్లూ మౌంటెన్ కాఫీయు, కొయ్యబొమ్మలును ప్రసిద్ధములు. రేవుదగ్గఱి అంగళ్లలో పెక్కింటిమీద "సుంకము లేదు" అను పలక వ్రేలాడుచుండును. ఈ పలకనుబట్టి పలువురు మోసపోవుదురు. ఆ దీవి ప్రభుత్వము తన సుంకమును ఆ వస్తువుమీద వేయలేదని మాత్రమే దాని యర్థము. మన యింటికి చేరుదారిలో ఇంకెవ్వరును సుంకము అడుగరని గాని, వస్తువును ఆపరని గాని ఆ పలక చెప్పుటలేదు.

ఈ దారిలో మూడు ద్వారములు కలవు. మొదటిది ఓడ, రెండవది సుంకపు కచేరి, మూడవది విమానము. మూడింటి నియమములును వేఱువేఱు. ఏలయన, ఒక్కొక్కటి భయపడు అపాయము వేఱు. ఆ అపాయమేదో తెలిసికొన్నచో నియమములను కంఠస్థము చేయనక్కఱలేదు. అవి తమంతట తామే బోధపడును.

మొదటి ద్వారము: ఓడ

ప్రయాణికుడు రేవులో దిగి మరల ఓడ యెక్కునపుడెల్ల తన గుర్తుచీటి చూపి, చేతిలోని సంచిని యంత్రములో నుంచవలెను. ఓడలకును రేవులకును సంబంధించిన అంతర్జాతీయ రక్షణ నియమావళి 2004 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంగడిలో కొన్న ప్రతివస్తువును ఈ పరీక్షకు లోనగును.

ఓడవారు అన్నిటికంటె నెక్కువగా భయపడునది అగ్నికి. నేలమీద ఇల్లంటుకొన్నచో వీథిలోనికి పరుగెత్తవచ్చును, అగ్నిమాపకదళము వచ్చును. నడిసముద్రమున వీథియు లేదు, దళమును లేదు. ఓడలోని పనివారే ఆర్పుకొనవలెను. 1934 సెప్టెంబరులో హవానా నుండి న్యూయార్కునకు మరలివచ్చుచున్న మారో కాసిల్ అను ఓడ అగ్నికి ఆహుతియై 130 మందికి పైగా మరణించిరి. 1965 నవంబరులో మయామి నుండి నాసా పట్టణమునకు పోవుచున్న యార్మత్ కాసిల్ అను ఓడ కాలి మునిగి, సుమారు 90 మంది మృతినొందిరి. ఆ తరువాత ఓడల నిర్మాణమునకు కఠినతరములైన నియమములు ఏర్పడినవి. అయినను అపాయము పూర్తిగా తొలగలేదు. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అను విహారనౌక, మనము పైన చెప్పుకొన్న త్రోవలోనే, గ్రాండ్ కేమన్ నుండి జమైకాకు పోవుచుండగా, ఒక గది వసారాలో నిప్పంటుకొని అనేక గదులు దగ్ధమయ్యెను, ఒకరు మరణించిరి. ఆర్పక పాఱవేసిన చుట్ట లేక సిగరెట్టు దానికి కారణమై యుండునని విచారణలో తేలినది.

ఈ సంగతి తెలిసినవారికి ఓడవారి నియమములు వింతగా తోచవు. ఇస్త్రీపెట్టె, నీళ్లుకాచు కెటిలు, అన్నము వండు విద్యుత్కుక్కరు, కొవ్వొత్తులు, అగరువత్తులు, ఇవియెల్ల గదిలో నిషిద్ధములు. నిత్యము దీపము పెట్టుకొను అలవాటుగల పెద్దలకు ఇది కొంత కష్టముగా తోచవచ్చును. కాని వేలకొలది జనులు నిద్రించు ఓడలో ఒక్క గదిలోని చిన్న దీపమే అందఱికిని ఆపద తేగలదు. ఎక్స్‌టెన్షన్ బోర్డులను గూడ అనేకములైన ఓడలలో రానీయరు. ఓడలోని విద్యుత్తీగెల అమరిక ఇంటి అమరికవంటిది కాదు. ఇంటికై చేసిన బోర్డు అచ్చట వేడెక్కి మండుట కలదు. కావున ఇట్టి వస్తువును దీవిలో చౌకగా దొరికినదని కొని తెచ్చినచో, అది మెట్లదగ్గఱనే ఆగిపోవును.

పెద్దకత్తులను ఓడవారు తీసికొని దాచి, యాత్ర ముగిసినపుడు తిరిగి యిత్తురు. రేవులో కొన్న మద్యపు సీసాలనుగూడ అట్లే దాచి కడపటి దినమున ఇత్తురు. దీనికి క్రమశిక్షణ యొక కారణము; ఓడలోని తమ అమ్మకము తగ్గకుండుట మఱియొక కారణమనుటలో సందేహము లేదు. తినుబండారములలో అంగడివారు ముద్రవేసి కట్టిన పొట్లములను సాధారణముగా రానిత్తురు. వండిన పదార్థములను, కోసిన పండ్లను రానీయరు. ఓడలోని భోజనశాలనుండి పండును జేబులో వేసికొని దీవిలో దిగుటయు తగదు. దాని కారణము రెండవ ద్వారముకడ తెలియగలదు.

రెండవ ద్వారము: సుంకపు కచేరి

ఓడ మయామి చేరినపుడు ప్రయాణికుడు అమెరికా దేశములో మరల ప్రవేశించుచున్నాడు. అచ్చటి అధికారి అడుగు ప్రశ్న యొక్కటే: "మీరు వెలుపలనుండి ఏమేమి తెచ్చుచున్నారు?"

ఈ ప్రశ్నకు మనవారిలో కొందఱు వెఱచి, "ఏమియు లేదు" అందురు. ఇది అన్యాయమే గాక అవివేకము గూడను. ఏలయన, చెప్పుట వేఱు, చెల్లించుట వేఱు. అమెరికా నివాసి యొక్కొక్కనికి సాధారణముగా 800 డాలర్ల వెలగల వస్తువులవఱకు సుంకము లేదు. దానికి 48 గంటలైనను దేశము వెలుపల గడపి యుండవలెను. అమెరికాకే చెందిన వర్జిన్ దీవులనుండి వచ్చువారికి ఈ మినహాయింపు 1,600 డాలర్లు. ఒక్క ఇంటిలో కాపురముండు కుటుంబమువారు తమ మినహాయింపులను కలుపుకొనవచ్చును. కాబట్టి సామాన్య కుటుంబము కొను వస్తువులకు నిజము చెప్పినను సుంకమేమియు పడకపోవుటయే తఱచు. చెప్పక దాచి పట్టుబడినచో వస్తువు పోవును, జరిమానా పడును, పేరు గూడ లెక్కలలో నెక్కును. కొడుకును చూడవచ్చిన తల్లిదండ్రులు అమెరికా నివాసులు కారు గనుక వారికి వేఱు కొలతలు వర్తించును. ఆ సంగతి ముందుగానే విచారించుకొనవలెను.

వెల నిరూపించుటకు రసీదు ముఖ్యము. కొన్న ప్రతివస్తువు రసీదును ఒక కవరులో నుంచుకొన్నవాడు అధికారియెదుట తడబడడు. ఇంటినుండి తీసికొనిపోయిన విలువగల కెమెరా, గడియారము మున్నగువాని పాత రసీదులను గూడ వెంటబెట్టుకొన్నచో, అవి దీవిలో కొన్నవి కావని చూపవచ్చును.

సుంకముకంటె ముఖ్యమైనవి కొన్ని కలవు. వానిలో మొదటివి పండ్లు, మొక్కలు, మాంసము. ఒక పండుతో దేశమునకేమి నష్టమని అడుగవచ్చును. 1929వ సంవత్సరమున ఫ్లోరిడా తోటలలో మధ్యధరా ఫలమక్షిక యను చిన్న యీగ కనబడినది. పండులో గ్రుడ్లుపెట్టి లోపలినుండి తినివేయు ఈ పురుగును నిర్మూలించుటకు తోటలయందలి పండ్లను పెద్దయెత్తున నాశనము చేయవలసి వచ్చెను. మఱుసటి సంవత్సరమునకు గాని అది తొలగలేదు. ఎవరి సంచిలోనో వచ్చిన ఒక్క పండు చాలును, అంతటి నష్టమునకు. అందుచేతనే 1984 నుండి లాస్ ఏంజిలిస్ విమానాశ్రయమున ఆరంభించి, బీగిల్ జాతి కుక్కలచేత సామానులను వాసన చూపించు పద్ధతి ఏర్పడినది. మన మామిడిపండునుగూడ అమెరికా చిరకాలము రానీయలేదు. కిరణములచే పురుగును నశింపజేయు ఏర్పాటు జరిగిన పిమ్మట 2007లో రానిచ్చెను. దీనినిబట్టి ఆ నియమము ఏదో యొక దేశముపై ద్వేషముచే కలిగినది కాదనియు, పురుగును గుఱించినదే యనియు స్పష్టమగుచున్నది. వేయించిన కాఫీగింజలకు అడ్డులేదు; పచ్చిపండునకు కలదు. కొయ్యబొమ్మను బెరడు లేనిదిగా చూచి కొని, అధికారికి చూపుట మంచిది.

రెండవవి సముద్రజీవులనుండి వచ్చు వస్తువులు. ఒక తాతగారు మనుమరాలికై దీవిలో తాబేటిచిప్పతో చేసిన దువ్వెనయో, నల్లపగడపు హారమో కొనిరనుకొందము. అంగడివాడు బహిరంగముగానే అమ్మినాడు, దొంగసొత్తు కాదు. అయినను తాబేటిచిప్ప దువ్వెనను మయామిలో తప్పక తీసికొందురు. నల్లపగడమునకు అనుమతిపత్రము అడుగుదురు. 1973వ సంవత్సరమున వాషింగ్టను నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికచే నశించుచున్న జీవజాతుల వ్యాపారము అరికట్టబడినది; మన దేశము 1976లో దానిలో చేరినది. గ్రాండ్ కేమన్‌లో తాబేళ్లను పెంచు శాల కలదు. అచ్చటి తాబేటిమాంసమును, చిప్పను ఆ దీవిలో అమ్ముట న్యాయమే; కాని అమెరికాకు తెచ్చుట నేరము. రాణిశంఖమని పేరుగాంచిన కరిబియను శంఖము కూడ 1992 నుండి ఈ ఒడంబడిక రక్షణలో నున్నది; దానిని పరిమితసంఖ్యలోనే తేవచ్చును. ఆ తాతగారు వెండిగొలుసునో, వస్త్రమునో కొనియుండినచో మనుమరాలి చేతికి అది చేరియుండెడిది.

మూడవ ద్వారము: విమానము

ఓడ సామానును తూచదు, విమానము తూచును. ఓడప్రయాణికులు ఎక్కువగా చిక్కుపడుట ఈ భేదమును మఱచుటచేతనే. ఏడుదినములు గదిలో వస్తువులు పేరుకొనుచుండును, ఎవ్వరును బరువడుగరు. కడపటి రాత్రి పెట్టెను మూసి గదివాకిట నుంచినచో ఓడవారే మోసికొనిపోయి రేవుశాలలో చేర్తురు. మఱునాటి ఉదయము విమానాశ్రయమున తూచినపుడు గాని సంగతి తెలియదు. సాధారణ టిక్కెట్టున కొక పెట్టెకు 23 కిలోగ్రాములు మితి. ఇంటినుండి బయలుదేరునపుడే పెట్టె 20 కిలోలుండినచో, కొనుటకు మిగిలినది 3 కిలోలే. రెండుకిలోల కాఫీయు, ఒక కొయ్యబొమ్మయు దానిని నింపివేయును. మితిమీఱినచో చెల్లించు రుసుము తఱచుగా ఆ బొమ్మ వెలకంటె హెచ్చు. చేతితో పట్టుకొని తూచు చిన్న త్రాసు నొకదానిని వెంట తీసికొనిపోయినచో ఈ చిక్కు తప్పును. ఒక్క పెట్టె 32 కిలోలకు మించినచో రుసుము చెల్లించినను పలు సంస్థలు తీసికొనవు. దానిని ఎత్తువారి నడుములనుగూడ తలంపవలెనుగదా!

ఇక ద్రవములు. 2006 ఆగస్టులో లండనునుండి పోవు విమానములను ద్రవరూపమైన ప్రేలుడుపదార్థములతో కూల్చవలెనను కుట్ర బయటపడినది. ఆనాటినుండి చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన పాత్రలో ద్రవమేదియు రానీయకుండుట లోకమంతట వ్యాపించినది. క్రొత్తయంత్రములు వచ్చిన కొన్ని విమానాశ్రయములు దీనిని సడలించినవి. కాని తరువాతి విమానాశ్రయము సడలించెనని చెప్పలేము. ద్రవమనగా నీరు మాత్రమే కాదు. పోయుటకును పూయుటకును వీలగునదెల్ల ద్రవమే. అత్తరు, తేనె, జాము, ఆవకాయ, ఇవన్నియు ఈ లెక్కలోనివే. మన కొజుమెల్ వనిల్లా సీసా 250 మిల్లీలీటర్లదైనచో చేతిసంచిలో పనికిరాదు. విమానాశ్రయపు అంగడిలో కొన్న సీసాలకు ముద్రవేసిన సంచి యిత్తురు. ఆ సంచికి ఒకప్పుడు మన్నన కలదు. దీవిలో కొని ఓడలో తెచ్చిన సీసాకు ఆ మన్నన లేదు. కావున సీసాను ప్లాస్టికు సంచిలో బిగించి, బట్టలలో చుట్టి, పెద్దపెట్టె నడుమ నుంచవలెను. నూటికి 70 పాళ్లకు మించి ఆల్కహాలున్న ద్రవమును మాత్రము ఏ పెట్టెలోను రానీయరు. అది సులభముగా మండును.

వనిల్లా విషయమున మఱియొక హెచ్చరిక. మిక్కిలి చౌకగా అమ్మబడు సీసాలలో కొన్నిటియందు టోంకా గింజలనుండి వచ్చు కూమరిన్ అను పదార్థము కలిసియుండుట కలదు. దానిని ఆహారములో కలుపుటను అమెరికా 1954లోనే నిషేధించెను. సీసామీది చీటీ చదువక కొనరాదు.

ద్రవములు పెద్దపెట్టెలోనికి పోవలెను. పవర్‌బ్యాంకులు చేతిసంచిలోనే యుండవలెను. లిథియము బ్యాటరీ దెబ్బతిన్నచో తనంతట తానే వేడెక్కి మండును. ప్రయాణికుల నడుమ మండినచో ఎవరైన చూచి ఆర్పగలరు. క్రిందనున్న సామాను గదిలో మండినచో చూచువారు లేరు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయమున బయలుదేరుటకు సిద్ధముగానున్న విమానమొకటి కాలిపోయెను, లోనివారందఱును బయటపడిరి. పవర్‌బ్యాంకు దానికి కారణమై యుండవచ్చునని విచారణాధికారులు తెలిపిరి. సాధారణముగా 100 వాట్‌గంటలవఱకు అనుమతి కలదు. విద్యార్థులు ఈ లెక్కను తామే చేయవచ్చును: 20,000 మిల్లీఆంపియరు గంటలనగా 20 ఆంపియరు గంటలు, దానిని 3.7 వోల్టులచే గుణించిన 74 వాట్‌గంటలు. కావున అట్టిదానికి అడ్డులేదు. ఏ గుర్తును లేని బ్యాటరీని అంగడిలో కొనకుండుటయే మేలు.

స్వదేశపు వాకిలి

హైదరాబాదునకు వచ్చువారికి మన దేశపు సుంకపు కచేరి యింకను మిగిలియున్నది. అచ్చట రెండు దారులుండును. మితికి లోబడి తెచ్చువారికి ఆకుపచ్చ దారి. చెప్పవలసిన వస్తువులున్నవారికి ఎఱ్ఱదారి. 2016వ సంవత్సరపు నిబంధనలలో చాల దేశములనుండి వచ్చు భారతీయునికి 50,000 రూపాయల వెలగల వస్తువులవఱకు సుంకము లేకుండెను. ఆ నిబంధనలలో ఒకరి మినహాయింపును మఱియొకరితో కలుపుటకు వీలులేకుండెను. అమెరికాలో భార్యాభర్తలు కలుపుకొనిన లెక్క ఇచ్చట చెల్లదని దీనినిబట్టి గ్రహింపవలెను. ఇట్టి మొత్తములను ప్రభుత్వము మార్చుచుండును గనుక బయలుదేరుటకు ముందు అప్పటి మొత్తమును విచారింపవలెను. బంగారమునకు ప్రత్యేక నియమములు కలవు. విద్యుత్సిగరెట్లను తెచ్చుట 2019 నాటి శాసనముచే నిషిద్ధము.

ఇంతవఱకు చెప్పినదాని సారమిది. అంగడిలో నిలిచి వస్తువును చేతబట్టినపుడే కడపటి ద్వారమును తలంపవలెను. ఇది మండునా? ఇది జీవికిగాని, పంటకుగాని హాని తెచ్చునా? ఇది ఎంత బరువు? ఇది ద్రవమా? దీని వెలను నేను అధికారియెదుట నిర్భయముగా చెప్పగలనా? ఈ అయిదు ప్రశ్నలకు ఉత్తరము చెప్పుకొన్న పిమ్మట సొమ్ము చెల్లింపవలెను. ఎత్తులేని, బరువులేని, పగులని వస్తువు, చేతిరుమాలైనను, వెండి యుంగరమైనను, కాఫీపొట్లమైనను, ఇల్లు చేరిన కానుక అగును. ఎంత విలువగల శంఖమైనను దారిలో పోయినది కానుక కాదు.

విద్యార్థులారా! నియమమును చూచి విసుగుకొనుటకు ముందు దాని వెనుక ఏమి జరిగినదో అడుగుట నేర్చుకొనుడు. ఇస్త్రీపెట్టె నియమము వెనుక కాలిపోయిన ఓడలున్నవి. పండు నియమము వెనుక పాడైన తోటలున్నవి. మీ తాతగారో, అవ్వగారో రానున్న సెలవులలో అట్టి యాత్రకు పోవుచున్నచో, వారి ప్రక్కన కూర్చుండి ఈ అయిదు ప్రశ్నలను ఒక కాగితముమీద వ్రాసి యిండు. పెట్టెను తూచుటలో వారికి తోడ్పడుడు. మీకై వారు ఏమి తెత్తురో అని యెదురుచూచుటకంటె, వారును వారి మూటయు సుఖముగా ఇల్లు చేరుటకు సాయపడుట మీకు ఎక్కువ సంతోషము నిచ్చును.